బండ మీద నిలబడి చెప్పు

మధ్యాహ్నం రెండయిందంటే తాండూరులో సైరా ఇంటి వరండాలో చేటల చప్పుడు మొదలవుతుంది. పప్పు మిల్లు నుంచి వచ్చిన కందిపప్పు మూటలు విప్పుకుని, రాళ్ళూ పుచ్చులూ ఏరడానికి నలుగురు ఆడవాళ్ళు కూర్చుంటారు. నలుగురు అన్నాను గానీ ఏరేది ముగ్గురే. నాలుగో ఆమె నవల చదువుతుంది.

చదివే ఆమె పేరు అరుణాదేవి. వయసు యాభై ఆరు. భర్త పోయి ఏడేళ్ళయింది. ఇంట్లో ఒక్కతే ఉంటుంది, కానీ ఒంటరిదని మాత్రం అనుకోకండి. ఆ గల్లీలో ఒంటరిగా ఉండటం ఎవరి తరమూ కాదు. పొద్దున తలుపు తీయడం కాస్త ఆలస్యమైతే చాలు, ముగ్గురొచ్చి తడతారు.

ఆమె చదవకపోతే ఇంకెవరూ చదవలేరు. సైరా ఉర్దూ మీడియంలో ఏడో తరగతి. అందరికన్నా పెద్దది హన్మమ్మ, ఆమె బడి గడపే తొక్కలేదు. హన్మమ్మ కోడలు మనీషా పదోది పాసయింది గానీ కర్ణాటకలో సేడం దగ్గరి పిల్ల, చదువంతా కన్నడంలో. అందుకని పదకొండేళ్ళుగా ఆ వరండాలో తెలుగు పుస్తకం అంటే అరుణాదేవి గొంతే.

ఊరికే చదివించుకోరు. మిల్లు సేటు కూలిలో కొంత పప్పుగానే ఇస్తాడు. సాయంత్రం ఆ పప్పు పంచుకున్నాక ముగ్గురూ తలా ఒక దోసెడు తీసి అరుణాదేవి డబ్బాలో పోస్తారు. దాన్ని చదువు దోసిలి అంటారు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తు లేదు. జ్వరమొచ్చి పడుకున్న రోజు కూడా ఎవరూ అది ఎగ్గొట్టలేదు.

ఏ నవలలు చదివేదని అడగరేం? మోసాల నవలలు. మొగుడు పెళ్ళాన్ని, పెళ్ళాం మొగుణ్ణి, ఇద్దరూ కలిసి అత్తగారిని, అత్తగారు అందరినీ మోసం చేసే నవలలు. వికారాబాద్ స్టేషన్ బయట ఏసుదాసుకు అద్దె పుస్తకాల దుకాణం ఉంది. నెలకోసారి అరుణాదేవి రైలెక్కి పోయి, నాలుగు పుస్తకాలు ఇచ్చేసి ఇంకో నాలుగు తెస్తుంది. మొదట్లో ఒకసారి దెయ్యాల నవల తెస్తే హన్మమ్మకు కోపమొచ్చింది.

"దయ్యాలతోని నాకేం పని? పక్కల పండుకొని అబద్ధమాడేటోని కత తే. గది వినాలె మనం" అంది.

ఇప్పుడు ఆ వరండాలో పరిచిన బండ సంగతి చెప్పాలి. సైరా భర్త నిసార్ బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఎనిమిదడుగుల బండ ఒకటి అక్కడ ఎంతకీ అమ్ముడుపోలేదు. దాని మీద నిలబడి ఫ్యాక్టరీ సేటు "ఈ రేటుకు నాకేం మిగలదు" అన్నప్పుడల్లా బండకు చెమట పట్టేది. విసుగొచ్చి సేటు దాన్ని తీసుకుపొమ్మన్నాడు. నిసార్ ట్రాలీలో వేసుకొచ్చి ఇంటి వరండాలో పరిచాడు. దాని మీద ఒళ్ళు ఆనించి ఎవరు అబద్ధమాడినా వాళ్ళ కింద బండ చెమరుస్తుంది. నిజం చెబితే ఆరిపోతుంది. అంతే. కొన్ని బోర్లలో ఉప్పునీళ్ళు పడతాయి, కొన్ని బండలకు చెమట పడుతుంది. గల్లీలో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు.

కానీ బాగా వాడుకున్నారు. పెళ్ళి మాటలకు ఆ వరండా అడిగి తీసుకుంటారు. పిల్లలు కొట్టుకుని ఒకరి మీద ఒకరు చెప్పుకుంటే "బండ మీద నిలబడి చెప్పు" అంటారు, పంచాయితీ అక్కడితో సరి. ఎలక్షన్లప్పుడు ఓట్లడిగేవాళ్ళు వరండా ఎక్కరు, రోడ్డు మీదినుంచే దండం పెట్టి పోతారు. నిసార్ మాత్రం వరండా మూలన ఒక మంచం వేసుకున్నాడు. దాని మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని "బీడీలు మానేసిన" అంటాడు.

"జర కాళ్ళు కింద పెట్టి చెప్పుండ్రి" అంటుంది సైరా.

ఆ గల్లీవాళ్ళకు ఇంకో అలవాటు కూడా అయింది. ఎక్కడున్నా సరే, చిన్న అబద్ధం ఆడేటప్పుడు వాళ్ళకు తెలియకుండానే ఒక కాలు పైకి లేస్తుంది.

ఇక నవలలకు ఆ బండతో వచ్చిన తంటా చూడండి. అరుణాదేవి బండ మీద కూర్చుని చదివేది. మూడో పేజీలో మొగుడు "ఆఫీసుల మీటింగ్ ఉంది, లేటయితది" అనేవాడు. బండకు చెమట.

"అగో, దొరికిండు దొంగ!" అని హన్మమ్మ చేట కొట్టేది. మూడొందల పేజీల రహస్యం మూడో పేజీలో తేలిపోయేది. అయినా వదిలేవాళ్ళు కాదు. ఆ పిచ్చి పెళ్ళానికి ఎప్పుడు తెలుస్తుందా అని చివరిదాకా వినేవాళ్ళు.

పోయిన చలికాలంలో అరుణాదేవికి అక్షరాలు పాలలో తడిసినట్టు కనిపించడం మొదలైంది. అద్దాలు మార్చింది. ఎండలో కూర్చుని చదివింది. ఏప్రిల్ నాటికి పేజీ మొత్తం తెల్లగా అయిపోయింది. చదివిన పుస్తకాన్నే గుర్తున్నంత మేర మళ్ళీ చెప్పి కొన్నాళ్ళు గడిపింది. మే మొదట్లో "వికారాబాద్ పోతున్న, పుస్తకాలియ్యాలె" అని బండ మీద నిలబడే చెప్పి రైలెక్కింది. బండ పొడిగానే ఉంది, ఎందుకంటే పుస్తకాలు నిజంగానే ఇవ్వాలి. కంటి ఆసుపత్రికి కూడా పోతానన్న మాట ఒక్కటే చెప్పలేదు.

డాక్టరు టార్చి వేసి చూసి తల ఊపాడు.

"రెండు కండ్లల్ల పొరలే. ఎడమ కంటిది మస్తు ముదిరింది. జూన్ పది లోపల ఆపరేషన్ కావాలె. ఇంకా ఆలస్యం చేస్తే ఆ కన్ను దక్కదు. ఎవరినన్న తోడు తీసుకొని రా అమ్మా" అని చీటీ రాసిచ్చాడు.

తోడా? ఎవరికి చెప్పాలి? కంట్లో సూది అంటేనే ఆమెకు వణుకు. అది కూడా పెద్ద భయం కాదు. ఆపరేషన్ అయ్యాక నెలా పదిహేను రోజులు చదవకూడదట. అన్నాళ్ళు చేటలు ఆగుతాయా? ఎవరో ఒకరు ఫోన్‌లో కథలు పెట్టుకుంటారు, దానికే అలవాటు పడిపోతారు. ఒకవేళ కన్ను పోతే? చదవడం కుదరదు, పప్పులో రాళ్ళు ఏరడమూ కుదరదు. చూపు లేని మనిషికి ఆ వరండాలో ఏం పని? చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది.

ఏసుదాసు దుకాణంలో ఒక పుస్తకం చేతికిచ్చాడు. "పందొమ్మిదో అంతస్తు అని కొత్తది. రోహిణి, కార్తీక్ అని మొగుడుపెండ్లాలు, హైదరాబాద్‌ల పెద్ద అపార్ట్‌మెంట్. ఆఖరుదాంక మోసగాళ్ళెవరో తెల్వది. తీస్కపోమ్మా" అన్నాడు. ఆ నవల గురించి ఆమెకు తెలిసింది అంతే.

మర్నాడు రెండింటికి ఆమె బండ మీద కూర్చోలేదు. నిసార్ మంచం ఎక్కి, కాళ్ళు పైకి ముడుచుకుని, అప్పుడు నోరు తెరిచింది.

"మోకాళ్ళు గుంజుతున్నయే. అదీగాక గీ బండ కతంత చెడగొడ్తున్నది. ఈసారి మంచం మీదనే కూసొని చదువుత."

"మంచిగయింది. ఒక్కసారన్న దొంగ ఎవరో తెల్వకుండ వినాలె" అంది హన్మమ్మ సంతోషంగా.

అరుణాదేవి పుస్తకం మధ్యలో ఎక్కడో తెరిచి, ఆసుపత్రి చీటీని పేజీల మధ్య గుర్తుగా పెట్టుకుని, తెల్లటి పేజీ వైపు చూస్తూ గొంతు సవరించుకుంది.

"రోహిణి కండ్లు తెరిచేసరికి పక్కల కార్తీక్ లేడు. వంటింట్ల గ్లాసు చప్పుడైతున్నది..."

అలా మొదలైంది. ఐదొందల నవలలు చదివిన మనిషి, అబద్ధాలాడే మొగుళ్ళు ఆమెకు కొత్త కాదు. కానీ పందొమ్మిదో అంతస్తు ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ చూడలేదు. అందుకని రోహిణి బాల్కనీలో మిరపకాయలు ఎండబెట్టింది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మల్లయ్యది తాండూరు పక్కనే ఉన్న పెద్దేముల్ అయింది. లిఫ్టు ఆగిపోతే రోహిణి మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగింది, ప్రతి అంతస్తులో ఏ ఇంట్లో ఏ కూరో వాసన పట్టింది. కార్తీక్ రోజూ సాయంత్రం ఒక గ్లాసు బాదంపాలు తెచ్చి "తాగు, నిద్ర మంచిగ పడ్తది" అనేవాడు. రోహిణి తాగినట్టు నటించి కుండీలో మొక్కకు పోసేది. వారంలో మొక్క పసుపుపచ్చగా అయింది.

"వామ్మో, విషం!" అంది మనీషా.

"విషం కాకపోవచ్చు. పాలు పోస్తే ఏ మొక్కయినా గంతే" అంది సైరా.

"నువ్వు మొగోల్లను ఎన్కేసుకరాకు" అంది హన్మమ్మ.

చేటలు చేతుల్లోనే ఆగిపోయేవి. పప్పులో రాళ్ళు వస్తున్నాయని మిల్లు సేటు రెండుసార్లు కబురు పంపాడు. హన్మమ్మ రోహిణి క్షేమం కోసం కొబ్బరికాయ మొక్కింది. అన్నం తింటున్నా, బట్టలు ఉతుకుతున్నా అరుణాదేవికి అదే ఆలోచన, రేపు రోహిణి ఏం చేస్తుంది? ఏదో పండగ ఇంట్లోకి వచ్చినట్టుంది ఆమెకు. ఇంత సంతోషం చదివినప్పుడు కూడా లేదు. కార్తీక్ మోసగాడా, అతని అక్కనా, వాచ్‌మన్ మల్లయ్యనా? ఆమెకూ తెలియదు. ఏ రోజుకారోజు ముగ్గురినీ కొంచెం కొంచెం అనుమానంగా నడిపించేది.

"ఎన్నో పేజీ అయింది అరుణత్తా?" అని మనీషా అడిగితే కాళ్ళు ఇంకా పైకి ముడుచుకుని "నూట ఇరవై" అనేది.

ఆ సంతోషం మధ్యలోనే లోపల తేదీ ఒకటి దగ్గరికొస్తోంది. జూన్ ఒకటి, రెండు, మూడు. ఎడమ కన్ను మూసి చూస్తే వాకిలి మసకగా కనిపించేది. కుడి కన్ను మూస్తే వెలుగు తప్ప ఏమీ లేదు. రోహిణి కథ అయిపోగానే పోతాననుకుంది. కానీ ఆ కథ ఎంతకీ అవ్వదు, అవ్వకుండా నడిపేది తనే కదా.

జూన్ ఆరో తేదీన ఆమె వచ్చేసరికి వరండా మరీ నిశ్శబ్దంగా ఉంది. చేటల చప్పుడు లేదు.

"అరుణా, మంచం మీద బొంతలు ఎండకేసిన. ఇయ్యాల జర కింద కూసో" అంది సైరా.

తడుముకుంటూ పోయి, గోడ పట్టుకుని కూర్చోబోయింది అరుణాదేవి. పాదానికి నున్నటి బండ తగలాలి. తగల్లేదు. గరుకుగా ఏదో తగిలింది. పక్కకు జరిగింది. అక్కడా అదే. వంగి చేత్తో తడిమింది. గోనెసంచి. హన్మమ్మ కింద గోనెసంచి, సైరా కింద గోనెసంచి, మనీషా కింద గోనెసంచి.

"గోనెసంచులెందుకు పర్సుకున్నరే?"

"అదీ... బండ సల్లగుంటున్నది అరుణత్తా" అంది మనీషా.

"ఇంత ఎండల బండ సల్లగుంటే ఎవరన్న సంచి పర్సుకుంటరా?"

ఐదొందల మోసాల నవలలు చదివిన మనిషికి అంతకన్నా చెప్పాల్సిన పనిలేదు. ఆ వరండాలో గోనెసంచి పరుచుకోవాల్సిన అవసరం అబద్ధమాడేవాళ్ళకు తప్ప ఇంకెవరికి ఉంటుంది? "మస్తు చదివినవ్ అరుణా" అని రోజూ అన్నారు. సంచుల మీద కూర్చుని అన్నారు.

"అంటే మీకు తెలుసు" అంది నెమ్మదిగా. "ఎప్పటిసంది?"

"పదిహేను దినాలాయె" అంది సైరా. "గాలికి పుస్తకం మూసుకున్నది. నువ్వు తెరవనే లేదు, కత ఆపనే లేదు."

"మరి ఎందుకు చెప్పలేదే?"

హన్మమ్మ ముక్కు చీదింది. "చెప్తే నువ్వు సిగ్గుపడి ఆపుతవ్. రోహిణి ఏమైతదో తెల్వకుండ ఎట్ల ఉండాలె మేము? అద్దాలు సరిగ లేవేమో, కత అయినంక చెప్దమనుకున్నం. గంతే అనుకున్నం సత్యంగ. నిన్న గీ పిల్ల చీటీ సదివిందాక."

"ఏ చీటీ?"

మనీషా దగ్గరికి జరిగింది. "పుస్తకం ఇక్కడ గూట్లనే ఉంటది గదా అత్తా. మొక్క ఏమైతదో తెలుసుకోవాలని ఉండబట్టలేక ఇంటికి తీస్కపోయిన. కన్నడం, తెలుగు ఒక్క తీరు అక్షరాలే, కూడబలుక్కుంటే వస్తున్నయ్. మూడు దినాలు కూసున్న. అండ్ల మొక్కే లేదు! మల్లయ్యనే లేడు! నడుమ ఆస్పత్రి చీటీ దొరికింది. జూన్ పది అని రాసుంది. ఇయ్యాల ఆరు."

దొరికిపోయిన మొగుళ్ళు ఏం చేస్తారో అరుణాదేవికి బాగా తెలుసు. వాళ్ళు ఇంకో అబద్ధం ఆడతారు. లేచి, సంచిని కాలితో పక్కకు నెట్టి, గట్టిగా అంది, "డాక్టర్లు గట్లనే భయపెడ్తరు. నాకు మంచిగనే కనవడ్తున్నది."

పాదాల కింద బండ తడిసింది. కాస్త కాదు, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు పైకొచ్చాయి. ఆ తడి తగలగానే ఆమెకు ఏడుపొచ్చింది.

"కనవడ్తలేదే. ఏం కనవడ్తలేదు. నాకు మస్తు భయమైతున్నది" అంది. "చదవరాకపాయె, పప్పు ఏరరాకపాయె, ఇంక ఇక్కడ నాకేం పని? నన్నెందుకు రానిస్తరు మీరు?"

అంటుండగానే పాదాల కింద తడి ఆరిపోవడం ఆమెకు తెలుస్తూనే ఉంది.

"నీ తల్లి, ఏం మాటలే అవి!" అని హన్మమ్మ అరిచింది. "నాకు ఒక్క అచ్చరం రాదు. పదకొండేండ్లసంది కూసున్న. నన్నెవరన్న ఎల్లగొట్టిండ్రా?"

సైరా లేచింది. తన కింది గోనెసంచి లాగి వాకిట్లోకి విసిరేసింది. చెప్పులు లేని కాళ్ళతో బండ నడిమధ్య నిలబడింది.

"బండ మీద నిలబడి చెప్తున్న అరుణా. కండ్లున్నా లేకున్నా, నువ్వు చదివినా చదవకున్నా, నీ జాగ నీదే. నీ దోసిలి నీదే. అల్లా కసమ్."

అరుణాదేవికి సైరా ముఖం కనిపించలేదు. వంగి, సైరా పాదాల చుట్టూ అరచేత్తో బండంతా రాసి చూసింది. పొడిగా ఉంది. వేళ్ళ దగ్గర, మడమల దగ్గర, అంతటా ఎండుగానే ఉంది. "రేప్పొద్దుగాల పోదం" అంది, చెయ్యి తీయకుండానే.

మర్నాడు పొద్దున నలుగురూ తాండూరు స్టేషన్‌లో ఉన్నారు. నిసార్ సాగనంపడానికి వచ్చాడు.

"ఫికర్ చెయ్యకక్కా, సూది గీది ఏం ఉండదు. సీమ కుట్టినట్టు సుత ఉండదు" అన్నాడు.

"కాలు లేపిండు సూడు, కాలు లేపిండు!" అని హన్మమ్మ ప్లాట్‌ఫారం మీద నవ్వింది. నిజమే, నిసార్ ఎడమ కాలు పైకి లేచే ఉంది. అరుణాదేవికి ఎంత భయమున్నా నవ్వాగలేదు.

వికారాబాద్ ఆసుపత్రిలో ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టాక డాక్టరు కూడా అదే మాట అన్నాడు, "అస్సలు నొప్పుండదమ్మా" అని.

"రెండు కాళ్ళు కింద పెట్టి చెప్పుండ్రి డాక్టర్ సాబ్" అంది అరుణాదేవి.

డాక్టరుకు అర్థం కాలేదు. "కిందనే ఉన్నయ్ కదమ్మా" అన్నాడు.

"ఐతే కానియ్యుండ్రి" అని ఆమె ధైర్యంగా కళ్ళు తెరిచింది.

ఎడమ కన్ను దక్కింది. పట్టీ విప్పిన రోజు మొదట కనిపించింది హన్మమ్మ ముక్కుపుడక. రాయి ఊడిపోయిన చిన్న గుంట కూడా కనిపించింది. "ఇది ఎప్పుడు పోయిందే?" అని అడిగితే "రెండేండ్లాయె, కనిపెట్టినవ్ తియ్" అని హన్మమ్మ కళ్ళు తుడుచుకుంది. రెండో కన్ను దసరా తర్వాత చేద్దామన్నారు.

నెలా పదిహేను రోజులు చదవొద్దన్నారు, పొయ్యి దగ్గరికి పోవద్దన్నారు. ఆమె ఇంట్లోనే ఉంది. అన్నం ఒక రోజు ఒకరింటి నుంచి, ఇంకో రోజు ఇంకొకరింటి నుంచి వచ్చింది. వరండాలో ఏం జరుగుతోందని మాత్రం అడగలేదు. అడగాలంటే ఇంకా కొంచెం భయమే.

జూలై చివర్లో ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం రెండింటికి ఆమె మళ్ళీ ఆ వరండా ఎక్కింది. ఆమె కూర్చునే చోట డబ్బా ఉంది. మూత ఎత్తి చూసింది. అంచుదాకా కందిపప్పు. పక్కన ఇంకో డబ్బా, అదీ నిండుగానే ఉంది.

"ఇదేంది?"

"చదువు దోసిలి. దినానికి మూడు దోసిళ్ళు. లెక్కబెట్టుకో కావాలంటే" అంది సైరా.

"నేను చదవనే లేదు గదే ఇన్ని దినాలు!"

"మరి మేము వింటనే ఉన్నం గదా, నువ్వు ఎప్పుడొస్తవని" అంది సైరా, చేటలో పప్పు కలుపుతూ.

అరుణాదేవి ముక్కు ఎగబీల్చి, కొత్త అద్దాలు పెట్టుకుని, బండ మీద కూర్చుని, అసలు పుస్తకం అసలు మొదటి పేజీ తెరిచింది. అక్షరాలు నల్లగా, కడిగిన గిన్నెల్లా వరసగా ఉన్నాయి. చదివింది. నాలుగో పేజీలో కార్తీక్ "నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు" అన్నాడు. ఆమె కింద బండకు చెమట పట్టింది.

"వీడే" అంది హన్మమ్మ ఆవలిస్తూ.

"వీడే అత్తమ్మా. నేను సదివిన గదా" అంది మనీషా. "అందుల ఏం లేదు. మిరపకాయలు లేవు, మల్లయ్య లేడు."

సైరా చెయ్యి చాచి పుస్తకం తీసేసుకుంది. "గీ రోహిణి ఎవరో నాకు తెల్వది. మన రోహిణి ఏమైందో చెప్పు."

అరుణాదేవి అలవాటుగా మంచం వైపు లేచింది.

"ఏడికి? కిందనే కూసో" అంది హన్మమ్మ.

"నేను చెప్పేదంత అబద్ధమేనే. వరండ చెరువైతది."

"కానీ. తుడుస్తం."

ఆమె భయపడుతూనే రెండు పాదాలూ బండకు ఆనించి మొదలుపెట్టింది. "కార్తీక్ ఆస్పత్రిల ఉన్నడు. పాలు తాగి పడిపోయిండు. పోలీసులొచ్చిండ్రు..." ఆగి కిందికి చూసింది. పొడిగా ఉంది. ఇంకాస్త చెప్పింది. రోహిణి లేదు, కార్తీక్ లేడు, ఆ అపార్ట్‌మెంటే లేదు. అయినా బండ పొడిగానే ఉంది. అరుణాదేవి గొంతు గట్టిపడింది, చేతులు తిరగడం మొదలయ్యాయి.

ఇన్‌స్పెక్టరు ఒక్కొక్కరినీ అడిగాడు. వాచ్‌మన్ మల్లయ్య "నేను పైకి పోనే లేదు సార్" అన్నాడు. నలుగురూ బండ చూశారు. పొడి. కార్తీక్ అక్క "మా తమ్ముని సంసారం సల్లగుండాలనే నా కోరిక" అంది. పొడి. ఆసుపత్రి మంచం మీద కార్తీక్ కళ్ళు తెరిచి "రోహిణీ, నేను దినాం నీకు ఉత్త బాదంపాలే తెచ్చిన" అన్నాడు.

ముగ్గురూ ఒక్కసారి ముందుకు వంగారు. పొడి.

"అంటే వీడు మంచోడేనా?" అంది మనీషా గుండె మీద చెయ్యేసుకుని.

"నేను ముందే చెప్పలే?" అంది సైరా.

"మరి మొక్క ఎట్ల సచ్చింది? కానియ్, రోహిణినడుగు!" అంది హన్మమ్మ.

అరుణాదేవి కొంగు సర్దుకుంది. ఏడుస్తున్న రోహిణి గొంతుతో, దీనంగా, తలవంచుకుని అంది, "నాకేం తెల్వది సార్. ఆ గ్లాసు నేను ముట్టనే లేదు."

ఆమె పాదాల కింద బండ ఒక్కసారిగా చెమర్చింది.

ముగ్గురూ ఒకేసారి కేక పెట్టారు. చేట ఎగిరి పప్పంతా కింద పడింది.

"దీని దుంప తెగ! దీని కోసమా నేను కొబ్బరికాయ మొక్కింది?" అని హన్మమ్మ లేచి నిలబడింది. "అరుణా, ఇన్ని దినాలు మాకు చెప్పకుండ ఎంత దాసినవే!"

"నాకు సుత ఇప్పుడే తెలిసిందే! సత్యంగ నాకు తెల్వది!" అంది అరుణాదేవి. ఎవరూ అనుమానించలేదు, ఆ మాటకు కొత్తగా ఒక్క చుక్క కూడా రాలేదు.

నవ్వుకుంటూ, తిట్టుకుంటూ ముగ్గురూ పప్పు ఎత్తుతుంటే, అరుణాదేవి వంగి తన పాదాల దగ్గర బండ చూసింది. చలికాలం తర్వాత మొదటిసారి ఆ చెమట ఆమెకు కనిపించింది. ఒక్కొక్క బొట్టూ విడివిడిగా కనిపించింది.

"ఎందుకు చేసిందంట మరి?" అని అడిగింది సైరా.

"ఆగుండ్రి, రోహిణినే అడుగుదం" అంది అరుణాదేవి, పాదాలు ఇంకాస్త బండకు ఆనించి.